అలిసిపోయిన లాంతరు

సెప్టెంబరు వచ్చిందంటే నాకు నీరసం. ముప్పై ఆరేళ్ళుగా ఇదే వరస, కానీ ఈ ఏడు వచ్చినంత నీరసం ఎప్పుడూ రాలేదు. మధ్యాహ్నం ఒంటిగంటకి మొదలైన వాన చీకటి పడినా వదలదు. గోడలకి బూజు, పిల్లలకి జలుబు, నా మోకాళ్ళకి పోటు. ఇవి చాలనట్టు పద్నాలుగో తేదీ సాయంత్రం, స్వాతంత్ర్య దినానికి ముందురోజు, లాంతర్ల పండగ. ఆరు కొట్టగానే దేశమంతా ఎక్కడివాళ్ళక్కడ నిలబడి జాతీయగీతం పాడతారు. ఆ తర్వాత పిల్లలు తాము చేసిన లాంతర్లు పట్టుకుని వీధుల్లో తిరుగుతారు. తాము చేసిన అంటున్నాను గానీ, చేసేది తల్లులూ తండ్రులూ. పిల్లలు చేసేదల్లా జుట్టుకి గోందు పూసుకోవడం.

నా పేరు ఒదీలియె. పియెద్ర ఫ్రీయా ఊరి బడిలో ఐదేళ్ళ పిల్లల తరగతి నాది. మా వైపు పంతులమ్మని 'నీన్యా' అని పిలుస్తారు, అంటే చిన్నపిల్లా అని. అరవై రెండేళ్ళు నిండి, నాలుగు మెట్లెక్కడానికి గోడ పట్టుకునే మనిషిని ఊరు ఊరంతా చిన్నపిల్లా అంటుంటే ఒకప్పుడు నవ్వొచ్చేది. ఇప్పుడు నవ్వడానికి కూడా ఓపిక లేదు. డిసెంబరులో నా ఉద్యోగం అయిపోతుంది. ఈ ఒక్క పండగా ఎలాగో గట్టెక్కితే చాలనుకున్నాను.

పండగకి పదిరోజుల ముందు నేను వెలుగు పాఠం చెబుతాను. చాప మీద రెండు అట్టపెట్టెలు పెడతాను. ఒకదాని మీద సూర్యుడి బొమ్మ ఉంటుంది, రెండోదాని మీద ఏమీ ఉండదు. మధ్యలో ఒక కుప్ప పోస్తాను. కొవ్వొత్తి, అగ్గిపెట్టె, టార్చి, మిణుగురు పురుగు బొమ్మ, చెంచా, క్రిస్మస్ చెట్టుకి కట్టే ఎర్ర గాజుగోళం, పాత సీడీ, వెండి కాగితం. తనంతట తాను వెలుగిచ్చేదాన్ని సూర్యుడి పెట్టెలో వెయ్యాలి, మిగతావి రెండోదాంట్లో. ప్రతి ఏడూ పిల్లలు చేసే తప్పు ఒకటే. చెంచానీ, గోళాన్నీ, సీడీనీ తీసుకెళ్ళి సూర్యుడి పెట్టెలో పడేస్తారు. మెరుస్తున్నాయిగా మరి, వాళ్ళని అని ఏం లాభం!

అప్పుడు చీకటి పెట్టె బయటికి తీస్తాను. ఒకప్పుడు ఫ్రిజ్ వచ్చిన పెద్ద అట్టపెట్టె అది. పన్నెండేళ్ళ క్రితం బడి వంటింటికి కొత్త ఫ్రిజ్ కొన్నప్పుడు, వంటమనిషి ఎదువీహెస్ ఆ పెట్టెని చింపి పొయ్యిలో పెట్టబోతుంటే చేతిలోంచి లాక్కున్నాను. "ఎందుకే నీకిది? కాపురం పెడతావా ఇందులో?" అని వెక్కిరించింది. వెక్కిరించిన మనిషే చీపురు పక్కన పడేసి వచ్చి, నాతోపాటు కూర్చుని లోపలంతా నల్లరంగు పూసింది. ఆ పెట్టెలోకి ఒక్కొక్కరినీ చెంచా ఇచ్చి పంపి మూత వేసేదాన్ని.

"చెంచా కనిపిస్తోందా?"

"లేదు నీన్యా!"

"ఇప్పుడు టార్చి వెయ్యి."

"అమ్మో, మెరుస్తోంది!"

అంతే. బయటికొచ్చిన పిల్ల తనే నడుచుకుంటూ వెళ్ళి సూర్యుడి పెట్టెలోంచి చెంచా తీసి రెండోదాంట్లో వేసేది. నేను ఒక్క ముక్క చెప్పక్కర్లేదు.

ఈ ఏడు ఆ పెట్టె లేదు. జూలై వానలకి సామాన్ల గది కప్పు కారి అది ముద్దయిపోయింది. ఇంకోటి వెతకొచ్చు. పోనీ బల్ల మీద దుప్పటి కప్పి కింద దూరమనొచ్చు. నేను వెతకలేదు, కప్పలేదు. ఆ రోజు పొద్దుటినుంచి ఎడమ మోకాలు వాచి ఉంది. దానికి తోడు హెడ్మాస్టరు దోన్ రాండల్ సాయంత్రంలోగా నింపాలంటూ పదకొండు ఫారాలు నా బల్ల మీద పడేసి వెళ్ళాడు. పిల్లలు చాప మీద వాళ్ళ మానాన వాళ్ళు పెట్టెలు నింపుకుంటున్నారు. నేను ఫారాలు నింపుకుంటున్నాను.

యెర్లిన్ వచ్చి నా మోచేతిని తట్టింది. చేతిలో వెండి కాగితం ముక్క.

"నీన్యా, ఇది సూర్యుడి పెట్టెలోకే కదండీ?"

తలెత్తలేదు నేను. "ఆఁ, అవునమ్మా, బాగా వెలుగుతుంది అది. వెయ్యి, వెయ్యి."

"అన్నిటికంటే బాగానా?"

"అన్నిటికంటే బాగా. వెళ్ళి చేతులు కడుక్కో, బెల్ కొడతారు."

ఆ పిల్ల కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని వెళ్ళి సూర్యుడి పెట్టెలో పెట్టింది. అదైనా చూశానా అంటే, ఓరకంట చూశాను. తర్వాత సరిచేద్దాంలే అనుకున్నాను. ఆ తర్వాత అన్నది రాలేదు.

యెర్లిన్ ఎవరో కాదు, ఎదువీహెస్ మనవరాలే. ఇరవై రెండేళ్ళు మా బడి వంటింట్లో అన్నం, చిక్కుడు గింజలు వండి, ఊళ్ళో సగం మందిని పెంచిన మనిషి ఎదువీహెస్. చక్కెర జబ్బు ఆమె కళ్ళు తినేసింది. నాలుగేళ్ళ క్రితం ఉప్పు డబ్బా అనుకుని పంచదార డబ్బా ఎత్తింది. అప్పుడు అందరం నవ్వాం. తర్వాత ఎవరం నవ్వలేదు. ఇప్పుడు ఆమెకి మనుషులు కనపడరు, మొహాలు కనపడవు. పెద్ద వెలుగు సూటిగా పడితే తెల్లటి మచ్చలాగా తెలుస్తుందట, అంతే.

పాఠం అయిన మర్నాడు యెర్లిన్ నా దగ్గర కూర్చుని గుట్టుగా చెప్పింది. "మా తీతాకి చిన్న వెలుగు కనపడదు నీన్యా. పోయినసారి నా లాంతరు కనపడలేదు. కనపడిందని చెప్పింది గానీ కనపడలేదు, నాకు తెలుసు. క్రిస్మస్‌కల్లా పెద్దదీ కనపడదని డాక్టరు అమ్మతో చెప్పాడు. అందుకని ఈసారి అన్నిటికంటే బాగా వెలిగేది చేస్తున్నా. తీతా చూసేస్తుంది."

వాళ్ళమ్మమ్మని తీతా అంటుంది. మా పిల్లలందరూ అలాగే అంటారు. "చెయ్యి తల్లీ, మంచిది చెయ్యి," అన్నాను. అన్నిటికంటే బాగా వెలిగేది ఏమిటని దాని లెక్కో, నేను అడగలేదు.

యెర్లిన్ తల్లి కాత్యా కాఫీ పొట్లాలు కట్టే కార్ఖానాలో పనిచేస్తుంది. అచ్చు తప్పుపడి పారేసే పొట్లాలు ఒక సంచి నిండా తెచ్చిచ్చింది. పైన రంగుల అచ్చు, లోపల అద్దంలాంటి వెండిపొర. తల్లీ కూతుళ్ళు కూర్చుని వాటిని కోసి, వెండివైపు బయటికి వచ్చేలా, పెట్టె ఆకారంలో కట్టిన పుల్లలకి అతికించారు. నాలుగు వైపులా, పైనా, కిందా, చీమ దూరేంత సందు లేకుండా. బడికి తెచ్చినప్పుడు తరగతి గదంతా కాఫీ వాసన. పిల్లలు దాని చుట్టూ మూగి అందులో తమ మొహాలు చూసుకుని పళ్ళికిలించారు. నేను కూడా ఎంత బాగుందే అన్నాను. లోపల బల్బు ఎక్కడ పెట్టారో చూద్దామన్న ఆలోచన నా బుర్రకి తట్టలేదు. ముందటేడు ఒక పిల్ల జడకి కొవ్వొత్తి నుంచి నిప్పంటుకున్నప్పటినుంచి హెడ్మాస్టరు మంట కూడదన్నాడు. పిల్లలందరికీ తలా ఒక బ్యాటరీ బల్బు బడే ఇచ్చింది, యెర్లిన్‌కీ ఇచ్చింది. ఇచ్చాం కాబట్టి ఉంటుందిలే అనుకున్నాను.

పద్నాలుగు సాయంత్రం ఐదింటికే అందరూ బడి వరండాలో చేరారు. బయట జల్లు. తల్లులు లాంతర్లకి ప్లాస్టిక్ సంచులు తొడుగుతున్నారు, తండ్రులు గొడుగులు పట్టుకుని పక్కవాళ్ళ లాంతరు ఎవరు చేశారో కూపీ లాగుతున్నారు. ఎడ్లబండి చక్రం లాంటిదొకటి, పెంకుటిల్లు లాంటిదొకటి, టూకన్ పిట్ట ఒకటి. దోన్ రాండల్ మెడలో ఈల వేసుకుని పెళ్ళిపెద్దలా తిరుగుతున్నాడు. ముప్పై నాలుగేళ్ళ కుర్రాడు, మోకాళ్ళంటే ఏమిటో తెలియని వయసు.

వరండాలో ట్యూబులైట్లన్నీ వెలుగుతున్నాయి. వాటికింద యెర్లిన్ లాంతరు ధగధగలాడిపోతోంది. దోన్ రాండల్ ఫోనుతో ఫోటో తీస్తే ఆ మెరుపుకి నా కళ్ళే చెదిరాయి.

"మొదటి బహుమతి ఇదే!" అని ప్రకటించాడు. "నీన్యా ఒదీలియె, మీ తరగతే గెలిచింది. ఈసారి కష్టపడ్డారండీ!"

"నేనేం కష్టపడ్డాను, కూర్చున్నాను," అన్నాను. వినకుండానే చప్పట్లు కొట్టేశాడు.

యెర్లిన్‌కి రంగు పెన్సిళ్ళ పెట్టె ఇచ్చారు. ఆ పిల్ల పెన్సిళ్ళు చూడనైనా చూడలేదు. "చూశారా నీన్యా, ఎలా వెలుగుతోందో! తీతాకి తప్పకుండా కనపడుతుంది," అంది. ఆ పక్కనే యాఫెత్ అనే పిల్లాడు తన బల్బు వెలగడం లేదని నేలమీద దొర్లి ఏడుస్తున్నాడు. నేను వంగేలోపల వాడి ఏడుపు ఆగింది, లాంతర్లో బల్బు వెలిగింది. హమ్మయ్య, ఎవరో సర్దారు, నాకు వంగే బాధ తప్పిందనుకున్నాను.

ఆరు కొట్టింది. అగ్నిమాపకం వాళ్ళ సైరన్ మోగింది. రేడియో పెట్టారు. వానలో నిలబడి అందరం పాడాం. ఎన్నేళ్ళయినా ఆ పాట దగ్గర నాకు కళ్ళు తడవుతాయి, ఈసారి కాళ్ళు పీకుతుంటే అది కూడా సరిగ్గా జరగలేదు. తర్వాత ఊరేగింపు బయల్దేరింది. నా పదిహేడుమందిని ఒక తాడు పట్టించి నడిపిస్తున్నాను. అంగడి వీధి, చర్చి ముందు, ఆరోగ్య కేంద్రం, అక్కడినుంచి వంతెన, వంతెన దాటాక ఎదువీహెస్ ఇల్లు, అదే ఊరికి చివరిది. ఏటా అక్కడిదాకా వెళ్ళి వెనక్కి తిరుగుతాం.

దీపస్తంభాల కింద నడిచినంతసేపూ బాగానే ఉంది. ఆరోగ్య కేంద్రం దాటాక దీపాలు పల్చబడ్డాయి. మిగతా పిల్లల లాంతర్లు చీకట్లో ఇంకా ముద్దుగా కనపడుతున్నాయి, ఎర్రగా, పచ్చగా, మినుకు మినుకుమంటూ. యెర్లిన్ ఆగిపోయింది. లాంతర్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. తర్వాత తాడు వదిలేసి నా దగ్గరికొచ్చింది.

"నీన్యా, నా లాంతరు అలిసిపోయింది."

"స్విచ్ వెయ్యి తల్లీ."

"దీనికి స్విచ్ లేదు."

"బల్బుకి ఉంటుందిగా. బల్బేది?"

"యాఫెత్‌కిచ్చేశా. వాడిది పాడైపోయింది, ఏడుస్తున్నాడు." అని నావైపు వింతగా చూసింది. "నాకెందుకు నీన్యా బల్బు? ఇది దానంతటదే వెలుగుతుందిగా. అన్నిటికంటే బాగా. మీరే చెప్పారు."

ఫారాలు, మోకాలు, చేతులు కడుక్కో అన్న మాట, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. ముప్పై ఆరేళ్ళు ఏ పిల్లకీ తప్పు చెప్పని మనిషిని. చెప్పిన ఒక్క తప్పూ పోయి పోయి ఈ పిల్లకి చెప్పాను, అదీ ఈ ఏడే చెప్పాను. ఎదువీహెస్‌కి ఇంకో లాంతర్ల పండగ లేదు.

అప్పుడే ముందునుంచి దోన్ రాండల్ ఈల ఊదాడు. "వాన పెరుగుతోంది! వంతెన దగ్గరే తిరిగిపోదాం! అందరూ వెనక్కి!"

యెర్లిన్ నా పావడా పట్టుకుంది. "తీతా ఇల్లు ఇంకా రాలేదు నీన్యా!"

నేను తాడు కొస తీసి దోన్ రాండల్ చేతిలో పెట్టాను. "పదహారుమంది ఉన్నారు, లెక్కపెట్టుకోండి. నేను ఈ పిల్లని ఇంట్లో దింపి పోతాను."

"ఈ వానలోనా? మీ మోకాలు..."

"నా మోకాలి సంగతి నా మోకాలు చూసుకుంటుంది. నేనేం బెల్లం ముక్కనా, కరిగిపోడానికి?"

అన్నానే గానీ, ఆ వంతెన ఎక్కేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. కింద వాగు గట్టిగా పారుతోంది. మధ్యలో నిలబడ్డాను. అటు దీపం లేదు, ఇటు దీపం లేదు. చీకటంటే చీకటి. యెర్లిన్ తన లాంతర్ని గుండెలకి హత్తుకుని నిలబడిందని దాని ముక్కు ఎగబీల్చే చప్పుడుని బట్టి తెలుస్తోంది.

"యెర్లిన్, ఆ రోజు నీకు తప్పు చెప్పాను."

"అబద్ధం చెప్పారా?"

"అబద్ధం కాదమ్మా. చూడకుండా చెప్పాను. అలిసిపోయి, ఏదో ఒకటి చెప్పేశాను."

"మీరు రోజూ అలిసిపోతారు కదా నీన్యా," అంది.

సంచిలోంచి టార్చి తీశాను. ఇంటికి నడిచి వెళ్ళేటప్పుడు వాడుకునేది, మా అన్న కొనిచ్చిన పెద్ద టార్చి. వంగి, మోకాలు ఆ తడి చెక్కలమీద ఆనించాను. అమ్మా అనబోయి పళ్ళు బిగబట్టాను.

"లాంతరు ముందుకి పట్టుకో. కనిపిస్తోందా?"

"లేదు."

టార్చి వేశాను. వెండి పెట్టె భగ్గుమంది. ఆర్పాను. చీకటి. వేశాను. మెరిసింది. ఆర్పాను. బడిలో చెప్పాల్సిన పాఠాన్ని వానలో, వంతెన మీద, పదిరోజులు ఆలస్యంగా చెబుతున్నాను. ఆ పిల్ల తెలివైనది. మూడోసారికే దానికి అర్థమైపోయింది. అర్థమయ్యాక బావురుమంది.

"అయితే దీనికి సొంత వెలుగు లేదా? ఉత్తదేనా? తీతాకి ఇప్పుడేం చూపించను?"

"ఏడవకు. ఒక పక్క చింపి, టార్చి లోపల పెడదాం. బయటికి వెలుగొస్తుంది."

"వద్దు! చింపొద్దు!" అని లాంతరు పట్టుకుని గిర్రున తిరిగింది. నా చేతిలో టార్చి వెలుగుతూనే ఉంది. ఆ తిరగడంలో లాంతరు పక్క మీద పడ్డ వెలుగు ఎగిరొచ్చి నా కళ్ళల్లో కొట్టింది. నేను మొహం తిప్పుకుని, "అబ్బ!" అన్నాను.

ఏడుపు ఆగింది.

"నీన్యా, మీ మొహం కనపడింది."

"ఆఁ?"

"నా లాంతరు వెలుగు మీ మొహం మీద పడింది. ఉండండి, కదలకండి." లాంతర్ని అటూ ఇటూ వంచింది. వెలుగు ముక్క నా గడ్డం మీదికి, చెవి మీదికి, వంతెన కమ్మీల మీదికి పాకింది, మళ్ళీ నా కళ్ళల్లోకి వచ్చింది. "ఇక్కడ వేస్తే అక్కడికి వెళ్తోంది! చింపక్కర్లేదు నీన్యా. టార్చి నాకిస్తారా?"

ఆ టార్చినే తిన్నగా ఎదువీహెస్ మొహాన వేస్తే పోయేదానికి ఈ తతంగం ఎందుకని నా ముసలి బుర్రకి తోచింది. నోరు మూసుకున్నాను. పదిరోజుల క్రితం ఆ పని చేసి ఉంటే ఎంత బాగుండేదో. కమ్మీ పట్టుకుని, ఎలాగో లేచి, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని నడిచాను.

ఎదువీహెస్ వసారాలో చెక్క కుర్చీలో, ఒళ్ళో దుప్పటి కప్పుకుని కూర్చుంది. కరెంటు పోయిందట, పక్కన కాత్యా కొవ్వొత్తి వెలిగించి, లాంతరు బాగా కనపడాలని మా అడుగుల చప్పుడు విని ఆర్పేసింది.

"ఒదీలియె వస్తోంది," అంది ఎదువీహెస్. "దాని మోకాళ్ళ చప్పుడు వంతెన మీంచే వినపడింది నాకు. ఏమే, ఊరేగింపు ఏదీ? నువ్వొక్కదానివే ఊరేగుతున్నావా?"

"నీ మనవరాలు ఉంది."

"నా తల్లే! వచ్చావా? ఏదీ నీ లాంతరు?" అని మొహం ముందుకి పెట్టింది. పెట్టింది మావైపు కాదు, పెరట్లో కుళాయి వైపు. "అబ్బబ్బ, ఎంత వెలుగో! చూశానే, చూశాను. కళ్ళు జిగేలుమంటున్నాయి. ఊళ్ళో ఇంత లాంతరు ఎవరూ చేసి ఉండరు."

టార్చి ఇంకా వెయ్యలేదు. వసారా అంతా చీకటి, లోపలి పొయ్యి నిప్పుల ఎరుపులో మనుషులు లీలగా తెలుస్తున్నారంతే. కాత్యా చేతి తువ్వాలుతో మూతి మూసుకుంది. నాకు ఏడుపొచ్చింది, ఆపుకోవాలని కూడా అనిపించలేదు. ఎన్నాళ్ళుగా ఇలా చెబుతోందో ఈవిడ. బొమ్మలు చూశానని, కొత్త గౌను చూశానని, ఊడిన పన్ను చూశానని.

"తీతా," అంది యెర్లిన్ మెల్లగా, "ఇంకా వెలిగించలేదు."

ఎదువీహెస్ నోరు తెరిచింది, మళ్ళీ మూసింది. దుప్పటి కొస వేళ్ళతో నలిపింది.

"పర్లేదు తీతా. ఇప్పుడు వెలిగిస్తాను. నువ్వు కదలకు."

టార్చి చంకలో ఇరికించుకుని, లాంతర్ని రెండు చేతులా పట్టుకుని వంచింది. వెలుగు ముక్క ముందు స్తంభం మీద పడింది. అక్కడినుంచి వేలాడదీసిన పూలకుండీ మీదికి, దుప్పటి మీదికి, ఎదువీహెస్ చేతుల మీదికి వచ్చింది. ఒకసారి తప్పి గోడమీదికి పోయింది. యెర్లిన్ నాలుక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి, మళ్ళీ మెల్లగా లాక్కొచ్చింది. మెడ. గడ్డం. కళ్ళు.

"ఆయ్!" అని ఎదువీహెస్ చెయ్యి అడ్డం పెట్టుకుని తల పక్కకి తిప్పేసింది. "ఎవరే అది, కళ్ళల్లో కొడతారు!"

వాన చూరు మీంచి కారుతున్న చప్పుడు ఒక్కటే.

ఆమె చెయ్యి నెమ్మదిగా కిందికి దిగింది. మొహం తనే వెనక్కి తిప్పుకుంది, ఈసారి కుళాయి వైపు కాదు, సూటిగా లాంతరు వైపు. రెప్పలు కొట్టుకుంటున్నాయి, నీళ్ళు కారుతున్నాయి, అయినా మూయలేదు.

"కదపకు," అంది. "అక్కడే ఉంచు. యెర్లిన్, నువ్వు ఎడమపక్క నిలబడ్డావు కదూ? మెట్టు దగ్గర?"

"అవును తీతా."

"అవును. అక్కడినుంచే వస్తోంది."

ఆ పిల్ల చేతులు పీకుతున్నా దింపలేదు. కాత్యా వెళ్ళి వెనకనుంచి దాని మోచేతులు పట్టుకుంది. అలా ఎంతసేపు ఉన్నామో నాకు తెలియదు. నేను మెట్టు మీద కూలబడి కాలు చాపుకున్నాను.

కాసేపటికి ఎదువీహెస్ ముక్కు చీదుకుని అడిగింది. "ఒదీలియె, మన నల్లపెట్టె ఏమైందే?"

ఆమెకి అర్థమైపోయింది. ఆ పెట్టెకి రంగు పూసిన మనిషి కదా.

"తడిసి చచ్చింది, జూలైలో."

"ఇంకోటి దొరకలేదా?"

"వెతకలేదు."

"ముసలిదానివైపోయావు."

"అయిపోయాను."

"సరేలే. కాత్యా, దీనికి బెల్లం నీళ్ళు వేడిచేసి ఇవ్వు. మోకాలికి కాస్త నూనె కూడా ఇవ్వు, ఆ చప్పుడు వినలేకపోతున్నాను."

వేడి బెల్లం నీళ్ళు తాగి లేచాను. టార్చి కోసం చెయ్యి చాపి, యెర్లిన్ మొహం చూసి వెనక్కి తీసుకున్నాను. "ఉంచుకోమ్మా. రోజూ తీతాకి వెయ్యి. క్రిస్మస్ దాకా ఉంచుకో."

అన్నాక నాలుక కరుచుకున్నాను. ఎందుకన్నానా అని నన్ను నేను తిట్టుకుంటుంటే ఎదువీహెస్ పకపకా నవ్వింది, వంటింట్లో నవ్వినట్టే.

"ఏం బెంగపడకు ఒదీలియె. ఆ తర్వాత నాకు దాంతో పనుండదు. కడిగి తుడిచి మరీ నీకు తిరిగి పంపిస్తాను."

యెర్లిన్‌కి ఆ మాట అర్థం కాలేదు. అది అప్పుడే వెలుగుని తీతా చేతిలో పెట్టడం నేర్చుకుంటోంది. ఎదువీహెస్ అరచెయ్యి చాపి, అక్కడ ఏదో ఉన్నట్టే వేళ్ళు మూస్తోంది, తెరుస్తోంది.

నేను చీకట్లో నడిచి ఇంటికి పోయాను. వంతెన మీద ఒకసారి, చర్చి దగ్గర ఒకసారి జారాను. పదహారో తేదీ పొద్దున బడికి పోతూ, పొయ్యిలూ ఫ్రిజ్‌లూ అమ్మే కొట్టు ముందు ఆగి, పెద్ద అట్టపెట్టె ఏదైనా ఉందా అని అడిగాను. ఒకటుంది గానీ మోయగలరా నీన్యా అన్నాడు కొట్టువాడు. ఈడ్చుకుపోతానన్నాను.